మైనరు వాటా మీద సంతకం పెట్టే ముందు

యజమాని పోయిన ఇంట్లో పెద్దకర్మ కాకముందే ఆస్తి మాట బయటికి వస్తుంది. అప్పులవాళ్ళు వస్తారు. కౌలుదారు వస్తాడు. పక్క పొలం ఆయన "అమ్మేటట్లయితే ముందు నాకే చెప్పండి" అని చెప్పిపోతాడు. పిల్లలు ఇంకా బడికి పోయే వయసు. అప్పుడు పెద్దమనిషి ఒకాయన ధైర్యం చెబుతాడు: "నువ్వున్నావు కదమ్మా, పిల్లల తరఫున నీ సంతకం చాలు." ఆ మాటలో సగం నిజం, సగం కాదు. ఏ సగం నిజమో తెలియక పెట్టిన సంతకాల వల్లే పదేళ్ళ తర్వాత తల్లి, పిల్లలు, పొలం కొన్నవాళ్ళు అందరూ నెల్లూరు, ఒంగోలు కోర్టు వరండాల్లో తిరగాల్సి వస్తోంది.

నిజమైన సగం ఇది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956 ప్రకారం తండ్రి తర్వాత తల్లే పిల్లలకు సహజ సంరక్షకురాలు. ఆమె ప్రత్యేకంగా ఏ కోర్టుకూ పోయి గార్డియన్‌గా వేయించుకోనక్కర్లేదు. పొలం కౌలుకు ఇవ్వొచ్చు, శిస్తు కట్టొచ్చు, బాకీలు వసూలు చేయొచ్చు, ఆక్రమణ వస్తే దావా వేయొచ్చు. తండ్రి బతికే ఉండి ఇల్లు వదిలిపోయినా, పిల్లల్ని అసలు పట్టించుకోకపోయినా తల్లి సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో చెప్పింది. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లల ఆస్తి మీద పెత్తనం పోతుందని ఊళ్ళో అంటారు, అది తప్పు. మతం మారి హిందువు కాకుండా పోయినప్పుడు, సన్యాసం తీసుకున్నప్పుడు మాత్రమే చట్టం ఆమెను పక్కన పెడుతుంది.

నిజం కాని సగం అదే చట్టం 8వ సెక్షన్‌లో ఉంది. మైనరు స్థిరాస్తిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, దానమివ్వడానికి, మార్పిడి చేయడానికి కోర్టు అనుమతి ముందుగా ఉండాలి. అయిదేళ్ళకు మించిన కౌలుకూ అనుమతి కావాలి. పిల్లలకు 18 నిండిన తర్వాత ఏడాది దాటి సాగే కౌలుకూ అంతే. "ముందుగా" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. అమ్మేసి తర్వాత తెచ్చుకుందాం అంటే కుదరదు.

ముందు ఎవరి వాటా ఎంతో కాగితం మీద తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆరెకరాల పొలం ఉంది, ఆయన తన సొంత సంపాదనతో కొన్నది, వీలునామా రాయలేదు అనుకుందాం. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు, ఆయన తల్లి ఉన్నారు. నలుగురూ మొదటి తరగతి వారసులే, తలా ఎకరంన్నర. నాయనమ్మ వాటాను మరిచిపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆమె వద్దనుకుంటే విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి గాని, నోటిమాటతో వాటా పోదు.

అదే ఆరెకరాలు తాతతండ్రుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే ఆడపిల్లలకు కోపార్సెనరీ హక్కు, అంటే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వచ్చే వాటా హక్కు, మొదలైంది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. కాబట్టి తండ్రి, కొడుకు, కూతురు ముగ్గురూ కోపార్సెనర్లు. ఆయన పోవడానికి సరిగ్గా ముందు పంచుకున్నట్టు ఊహించి ముగ్గురికీ రెండేసి ఎకరాలు తీస్తారు. ఆయన రెండెకరాలే వారసులకు వెళ్తాయి. భార్యకు అరెకరం, నాయనమ్మకు అరెకరం, పిల్లలకు తలా అరెకరం. చివరికి పిల్లల చేతిలో రెండున్నర చొప్పున అయిదెకరాలు, తల్లి చేతిలో అరెకరం. సొంత ఆస్తి అయితే ఎకరంన్నర వచ్చే తల్లికి ఇక్కడ అరెకరమే. ఈ తేడా చూసుకోకుండా "నా వాటా నేను అమ్ముకుంటున్నా" అని ఎకరంన్నరకు దస్తావేజు రాస్తే, అందులో ఎకరం పిల్లలదే.

ఒక మెలిక చెప్పాలి. ఉమ్మడి కుటుంబంలో విడిపోని వాటాకు 8వ సెక్షన్ వర్తించదని, కుటుంబ కర్త, అంటే ఉమ్మడి ఆస్తిని నడిపే పెద్ద, అవసరం కొద్దీ అమ్మితే అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆ తీర్పు చూపించి తల్లుల చేత సంతకాలు పెట్టించేవాళ్ళు ఉన్నారు. కానీ కోడలిగా వచ్చిన భార్య కోపార్సెనర్ కాదు, కర్త స్థానం ఆమెది కాదు. పైగా తండ్రి నుంచి వారసత్వంగా దిగిన భాగం ఉమ్మడి ఆస్తే కాదు, ఎవరిది వాళ్ళకు విడి ఆస్తి. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళ తరఫున తల్లి ఒక్కతే మిగిలినప్పుడు, ఆస్తి ఏ రకందైనా అనుమతి తీసుకోవడమే క్షేమం. దానికయ్యే ఖర్చు, తర్వాత నడిచే వ్యాజ్యంతో పోలిస్తే ఏమంత కాదు.

తల్లి చనిపోయిన ఇంట్లో కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఆమె పేరున ఉన్న పొలం, ఇంటి స్థలం, నగలు భర్త ఒక్కడివే అనుకుంటారు. వీలునామా లేకపోతే భర్తా పిల్లలూ సమాన వారసులు. ఇద్దరు పిల్లలుంటే ఆయనది మూడో వంతు. మిగతా రెండు వంతులకు ఆయన కాపలాదారు.

ముస్లిం కుటుంబాలకు చట్టం వేరు. నెల్లూరు పట్టణంలో ఈ సమస్య తరచూ వస్తుంది కాబట్టి విడిగా చెబుతున్నా. మైనరు ఆస్తికి సంరక్షకులు తండ్రి, ఆయన వీలునామాలో నియమించినవారు, తర్వాత తండ్రి తండ్రి, ఆయన నియమించినవారు. తల్లి ఆ వరుసలో లేదు. తల్లి, మేనమామ, అన్న ఎవరైనా కోర్టు నియామకం లేకుండా స్థిరాస్తి అమ్మితే ఆ అమ్మకం మొదటి నుంచీ చెల్లదు. 1918లో బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పిన ఈ సూత్రాన్నే 1996లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. కనుక తల్లి ముందు సంరక్షకుల, మైనర్ల చట్టం 1890 కింద తనను గార్డియన్‌గా నియమించమని పిటిషన్ వేసుకోవాలి.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన హిందూ కుటుంబంలో బాబాయికైనా, తాతకైనా, మేనమామకైనా ఇదే దారి. వీలునామాలో పేరు ఉంటే తప్ప, పిల్లల్ని సాకుతున్నంత మాత్రాన ఆస్తి మీద అధికారం రాదని 1956 చట్టం 11వ సెక్షన్ సూటిగా అంటుంది. ఎంత ప్రేమగా పెంచినా సరే.

మొదటి మూడు నెలల్లో కాగితాల పని ముగించాలి. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు. వీటితో మ్యుటేషన్‌కు, అంటే భూమి రికార్డులో పేరు మార్పుకు, పెట్టాలి. భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 1971 ప్రకారం వారసత్వంగా భూమి వచ్చినవారు 90 రోజుల్లో తహశీల్దారుకు తెలపాలి, వారసులు మైనర్లయితే ఆ బాధ్యత సంరక్షకులది. సచివాలయంలో కాని మీసేవలో కాని అర్జీ పెట్టేటప్పుడు పిల్లల పేర్లు, వాళ్ళ వాటాలు, "మైనరు, సంరక్షకురాలు తల్లి ఫలానా" అన్న మాట అన్నీ ఉండాలి. పని తొందరగా అవుతుందని మొత్తం విస్తీర్ణం తల్లి ఒక్క పేరున ఎక్కించేయడం మన మండలాల్లో బాగా జరుగుతోంది. ఆరోజు బాగానే ఉంటుంది. మూడేళ్ళకు ఆ వన్‌బీ (భూమి హక్కుల రికార్డు నకలు) చూపించి పంట రుణం తెస్తారు, మొత్తం పొలం మీద అప్పు తాలూకు చార్జి పడుతుంది. తాకట్టుకు కూడా అనుమతి కావాలన్న సంగతి బ్యాంకులో ఎవరికీ గుర్తుకు రాదు, ఎందుకంటే రికార్డులో పిల్లలే లేరు. తల్లికి చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు, రికార్డు తప్పుగా ఎక్కితే చాలు.

మ్యుటేషన్ అయ్యాక అడంగల్ (సాగు వివరాల రికార్డు), వన్‌బీ నకళ్ళు తీసి సర్వే నంబరు, విస్తీర్ణం పాత దస్తావేజుతో సరిపోల్చండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) కూడా తీయండి. భూమి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందో లేదో, చుక్కల భూమిగా (పాత రికార్డులో యజమాని పేరు బదులు చుక్కలు ఉన్నదిగా) పడిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇది సరిచేయించే పని పిల్లలు పెద్దయ్యేదాకా ఆపితే ఊళ్ళో పాత సంగతులు తెలిసిన సాక్షులు మిగలరు.

ఇక అప్పుల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే పిల్లల ఆస్తి కరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పొగాకు రైతుకు ఎరువుల కొట్టు బాకీ, రొయ్యల రైతుకు మేత డీలరు బాకీ, ఊళ్ళో నోట్లు. ఆయన పోయిన వారంలో వచ్చి "పాత నోటు చించేద్దాం, నీ పేరున కొత్తది రాయమ్మా" అంటారు. రాయకండి.

మొదటిది, తండ్రి అప్పుకు పిల్లలు బాధ్యులయ్యేది ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే. వాళ్ళ సొంతానికి, రేపటి సంపాదనకు అది అంటదు. 2005 సవరణ తర్వాత, తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత సూత్రం పట్టుకుని దావా వేసే వీలు కూడా లేదు. రెండవది, సంరక్షకురాలు మైనరును వ్యక్తిగత బాధ్యతకు కట్టిపడేయలేదు, చట్టం ఆ మాట సూటిగా చెప్పింది. కాని తల్లి తన పేరున కొత్త నోటు రాస్తే అది ఆమె సొంత అప్పవుతుంది. ఆ అప్పు తీర్చడానికే పిల్లల పొలం వైపు చూడాల్సి వస్తుంది.

మూడవది అందరికీ తెలియనిది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు. ఆ మూడేళ్ళు నిండకముందు బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం పెడితే, లేదా కొంత కట్టి నోటు వెనక చెల్లు రాస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. మైనరు తరఫున సంరక్షకుల సంతకానికి కూడా ఈ బలం ఉందని కాలపరిమితి చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అందుకే "రెండు వేలు కట్టి చెల్లు వేయించుకో, వాళ్ళు ఊరుకుంటారు" అన్న సలహాలో ప్రమాదం ఉంది. అసలు నోటు చూపించమనండి. తేదీ, సాక్షులు, వెనక చెల్లులు చూడండి, ఫోటో తీసుకోండి. నిజమైన బాకీ అయితే కౌలు డబ్బులోంచి కట్టి రసీదు పుచ్చుకోవడం సంరక్షకుల విధే. దాన్ని ఎగ్గొట్టమని చెప్పడం లేదు. మురిగిపోయిన నోటుకు మాత్రం పిల్లల ఆస్తి నుంచి ప్రాణం పోయకూడదు.

కౌలు దగ్గరికి వద్దాం. సంరక్షకులు తన సొంత ఆస్తినైతే ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత జాగ్రత్త పిల్లల ఆస్తి మీద పెట్టాలన్నది 1890 చట్టం పెట్టిన కొలత. డెల్టాలో వరి పొలమైతే ఊళ్ళో నడుస్తున్న కౌలు ఎంతో ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఆ ధరకు తగ్గకుండా ఇవ్వాలి. బంధువు కదా అని సగానికి ఇస్తే, పెద్దయ్యాక పిల్లలు ఆ తేడా అడగొచ్చు. కౌలు పుట్ల లెక్కన మాట్లాడుకున్నా కాగితం మీద కిలోలు, ఆరోజు ధర, రూపాయలు రాయండి. మనకు పుట్టి అంటే 850 కిలోలని నెల్లూరు రైతుకు చెప్పనక్కర్లేదు గాని, లెక్క చూసే జడ్జి ఏ విశాఖ నుంచో వచ్చి ఉంటారు. ఇంటి స్థలం కొలత అంకణాల్లో చెప్పినప్పుడు కూడా పక్కన చదరపు గజాలు రాయండి.

2019 కౌలు చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు వస్తుంది, యజమాని హక్కుకు ఢోకా లేదు. ఆ ఒప్పందంలో యజమాని గడిలో పిల్లల పేర్లు, సంరక్షకురాలిగా తల్లి పేరు ఉండాలి.

రొయ్యల చెరువుల గుంటలకు ఇచ్చేటప్పుడు మాత్రం పదిసార్లు ఆలోచించాలి. కోస్తా మండలాల్లో రొయ్యల కౌలు వరి కౌలు కంటే ఎంతో ఎక్కువగా కనిపిస్తుంది. కాని గుంట తవ్వితే పైమట్టి పోతుంది, ఉప్పు దిగుతుంది, కట్టలు తీసి మళ్ళీ వరికి తేవాలంటే ఏళ్ళు పడుతుంది. ఇదివరకే గుంటగా ఉన్న భూమిని గుంటగానే ఇవ్వడం సబబైన నిర్వహణ. మంచి వరి మాగాణిని తవ్వించడం ఆస్తి రూపాన్నే మార్చేయడం. దానికి తల్లి ఒక్కరే నిర్ణయం తీసుకోవడం నా దృష్టిలో సరికాదు. కోర్టు నియమించిన గార్డియన్ అయితే ఇలాంటి విషయంలో కోర్టు సలహా అడిగే వీలు 1890 చట్టం 33వ సెక్షన్‌లో ఉంది.

గడువు లెక్క కూడా చూసుకోవాలి. పెద్దమ్మాయికి 15 నిండిన రోజున కౌలు రాస్తే, 18కి మూడేళ్ళు, ఆపైన ఒక్క ఏడాది, మొత్తం నాలుగేళ్ళకు మించకూడదు. 16 అయితే మూడేళ్ళు. "గడువు తీరాక మరో అయిదేళ్ళు కౌలుదారు ఇష్టం" అన్న వాక్యం పెడితే ఆ హద్దు దాటినట్టే. ఏడాదికి మించిన ఏ కౌలైనా రిజిస్టరు చేయాల్సిందే, తెల్లకాగితం పనికిరాదు. ప్రకాశం మెట్టలో జామాయిల్ వేస్తామని అడుగుతారు. మొదటి నరుకుడుకే నాలుగేళ్ళు, తర్వాత మోడు చిగుళ్ళ మీద మరో రెండు నరుకుళ్ళు తీస్తారు. అంటే పదేళ్ళు దాటుతుంది, అనుమతి లేకుండా ఇవ్వలేరు. చీమకుర్తి వైపు గ్రానైట్ భూములకూ ఇదే. అక్కడ తవ్విన రాయి తిరిగి రాదు కాబట్టి వచ్చిన డబ్బును పంట ఆదాయంలా ఖర్చుపెట్టేయకుండా అసలుగా దాచాలి.

డబ్బు విషయంలో ఒక్కటే పట్టింపు: పిల్లల డబ్బు తల్లి డబ్బుతో కలవకూడదు. పిల్లల పేరున విడి ఖాతా తెరిచి కౌలు నేరుగా అందులో పడేటట్టు చేయండి. చనిపోయినాయన డిపాజిట్‌కు నామినీగా ఉన్నవారు సొమ్ము తీసుకోవచ్చు గాని అది వాళ్ళది కాదు, వారసుల తరఫున పుచ్చుకున్నట్టే. ఈ మాట బ్యాంకు కౌంటర్లో చెప్పరు. డిపాజిట్లు 18 నిండే తేదీకి ముగిసేట్టు వేయండి. ఒక బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది కాబట్టి మొత్తం పెద్దదైతే రెండు మూడు బ్యాంకుల్లో సర్దండి.

ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ వస్తుందని పిల్లల సొమ్ము నోట్ల మీద తిప్పకండి. నోటు తల్లి పేరునో మామయ్య పేరునో ఉంటుంది, మూడేళ్ళలో తిరగరాయించకపోతే మురిగిపోతుంది, అప్పు తీసుకున్నవాడు లేచిపోతే నష్టం సంరక్షకుల మెడకు చుట్టుకుంటుంది. చీటీలకూ ఇదే మాట.

బంగారం అమ్మడానికి కోర్టు అనుమతి అక్కర్లేదు, 8వ సెక్షన్ ఆంక్ష స్థిరాస్తికే. అయినా పిల్లల మేలుకే అమ్మాలి, లెక్క ఉండాలి. తూకం వేయించి, ఫోటో తీసి, జాబితా రాసి ఇద్దరు దగ్గరి బంధువుల సంతకం తీసుకుని లాకరులో పెట్టండి.

పన్ను గురించి రెండు మాటలు. మైనరు పేరున వచ్చే వడ్డీ, అద్దె తల్లి లేదా తండ్రి ఆదాయంతో కలుస్తాయి. ఇద్దరూ లేని పిల్లల ఆదాయం పెంచేవారి ఆదాయంలో కలవదు, పిల్లల పేరునే సంరక్షకులు రిటర్ను వేయాలి. వరి, పొగాకు ఆదాయం వ్యవసాయం కింద పోతుంది, రొయ్యల ఆదాయం పోదు.

లెక్కల పుస్తకం ఎలా ఉండాలని అడుగుతుంటారు. తేదీ, ఎవరి నుంచి వచ్చింది, దేనికి ఖర్చయింది, ఏ పిల్లవాడి వాటాలోంచి, రసీదు నంబరు, నిల్వ. అంతే. బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు, నీటి తీరువా, ఇంటి పన్ను, గట్టు పనులకు కూలి అన్నీ పిల్లల ఆస్తి మీద వేయొచ్చు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడి పేజీలు. అక్క ఇంజనీరింగ్ ఫీజు తమ్ముడి వాటాలోంచి కట్టడం ఇంట్లో సహజంగా అనిపిస్తుంది, లెక్కలో మాత్రం అది తమ్ముడికి రావాల్సిన బాకీగా నిలవాలి. కోర్టు నియమించిన గార్డియన్ అయితే, కోర్టు అడిగినప్పుడు నియామకం నాటి నుంచి ఆరు నెలల్లో స్థిర చరాస్తులు, రావలసినవి, ఇవ్వాల్సిన అప్పుల పట్టిక దాఖలు చేయాలి, ఆపైన లెక్కలు చూపాలి. చూపకపోతే జరిమానా, సివిల్ జైలు, తొలగింపు కూడా ఉన్నాయి.

ఇక అమ్మకం అనుమతి. పొలం ఉన్న చోటి జిల్లా కోర్టులో గాని, ఆ అధికారం ఇచ్చిన కోర్టులో గాని పిటిషన్ వేయాలి. పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో చదువుతున్నా పొలం ఎక్కడుందో అక్కడే. కొంత భూమి ఒక కోర్టు పరిధిలో, కొంత ఇంకో కోర్టు పరిధిలో ఉంటే ఏ ఒక్క చోట వేసినా చాలు. జిల్లాల సరిహద్దులు మారుతూ వచ్చాయి, కలెక్టరేటు ఏ ఊళ్ళో ఉందో దాన్నిబట్టి కోర్టు అనుకోకండి, మీ ఊరు ఏ కోర్టు పరిధిలో ఉందో ఫైలింగ్ సెక్షన్లో అడగండి. ఫ్యామిలీ కోర్టు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులకు, పొలం అమ్మకానికి కాదు.

పిటిషన్లో పిల్లల పేరు, పుట్టిన తేదీ, మతం, నివాసం, దగ్గరి బంధువుల వివరాలు, ఆస్తి హద్దులతో సహా షెడ్యూలు, దాని విలువ, అమ్మడానికి కారణం, వచ్చే డబ్బు ఏం చేస్తారో రాయాలి. జతగా సబ్‌రిజిస్ట్రారు మార్కెట్ విలువ సర్టిఫికెట్, ఈసీ, అడంగల్, ఫీజుల రసీదులు, అప్పు అయితే దాని మూలపత్రం. నాయనమ్మ, బాబాయిల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు ఉంటే పని సాగుతుంది. కాస్త పెద్దపిల్లలైతే జడ్జి స్వయంగా పిలిచి అడగొచ్చు.

అవసరం గాని, పిల్లలకు స్పష్టమైన మేలు గాని ఉంటేనే అనుమతి ఇవ్వాలని చట్టం. పిటిషన్లు కొట్టుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. "కుటుంబ అవసరాల నిమిత్తం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ కాలేజీ, ఏ ఏడాదికి ఎంత ఫీజు, కౌలు ఆదాయం ఎంత, ఎంత తగ్గుతోంది, అందుకు ఎన్ని సెంట్లు అమ్మితే సరిపోతుంది, ఇవి అంకెల్లో ఉండాలి. రెండెకరాలు అమ్మాల్సిన చోట ఆరెకరాలకు అడిగితే అనుమానం వస్తుంది. కట్నం కోసమంటే ఒప్పుకోరు. దూరంగా, దారిలేని మెట్ట ముక్క అమ్మి ఊరి దగ్గర స్థలం పిల్లల పేరున కొంటామంటే, రెండింటి విలువలూ చూపితే అది మేలు కింద నిలుస్తుంది. అనుమతి ఉత్తర్వులో తక్కువ కాని ధర, ఎన్నాళ్ళలో అమ్మాలి, పిల్లల సొమ్ము ఏ బ్యాంకులో డిపాజిట్ చేసి రసీదు దాఖలు చేయాలి అన్న షరతులు ఉంటాయి. ఒక్కటి తప్పినా కొన్నవారికి చిక్కే.

బయానా ముందే తీసుకోవడం పెద్ద తప్పు. అనుమతి రాకముందు తల్లి రాసిన అమ్మకం అగ్రిమెంటుతో మైనరు వాటాకు దావా నిలవదు. డబ్బు మాత్రం ఖర్చయి ఉంటుంది. అనుమతి ఆలస్యమైతే కొనేవాడు వడ్డీతో తిరిగి అడుగుతాడు, అది తల్లి సొంత అప్పు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినా ఫలితం ఇంతే, తనకు లేని అధికారం ఇంకొకరికి ఇవ్వలేరు.

అనుమతి లేకుండా అమ్మితే ఏమవుతుంది? సహజ సంరక్షకులు చేసిన అమ్మకం దానంతటదే రద్దు కాదు, పిల్లలు రద్దు చేసుకోగలరు. గడువు 18 నిండిన మూడేళ్ళు, అంటే 21 దాకా. దావా వేయకుండా, పెద్దయ్యాక అదే ఆస్తిని ఇంకొకరికి అమ్మడం లాంటి చేతతో కూడా పాత అమ్మకాన్ని కాదనవచ్చని సుప్రీంకోర్టు 2025లో కర్ణాటక దావణగెరె ప్లాట్ల కేసులో చెప్పింది. అంటే రిజిస్టరు దస్తావేజు చేతిలో ఉన్నా, ఆ గడువు దాటేదాకా కొన్నవారికి నిశ్చింత లేదు. అధికారమే లేని బంధువు అమ్మితే అది మొదటి నుంచీ చెల్లదు, మూడేళ్ళ గడువు కొన్నవారిని కాపాడదు.

భాగపంపకాల్లో పిల్లల తరఫున తల్లి సంతకం పెట్టొచ్చు, న్యాయమైన పంపకం బదిలీ కాదు. కాని రోడ్డు పక్క ముక్క బాబాయికి, కాలవ అవతలి చవుడు పిల్లలకు పోతే, ఎన్నేళ్ళయినా దాన్ని తిరగదోడవచ్చని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల వాటాకు విడుదల దస్తావేజు రాయడం మాత్రం పంపకం కాదు, వదులుకోవడం. దానికి అనుమతి తప్పదు. కోర్టులో ఉన్న భాగం దావాను రాజీ చేసుకోవాలన్నా, అది మైనరుకు మేలేనని చూపి ఆ కోర్టు సెలవు తీసుకోవాలి.

రైలు మార్గాలకు, పోర్టులకు, పరిశ్రమలకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భూములు పోతూనే ఉన్నాయి. ప్రభుత్వం చట్ట ప్రకారం సేకరిస్తే సంరక్షకుల అనుమతితో పని లేదు. కాని అమ్మే అధికారం ఎవరికీ లేని మైనరు వాటా పరిహారం 2013 భూసేకరణ చట్టం కింద ఏర్పడిన అథారిటీలో జమ కావాలి, అక్కడి నుంచి పిల్లల పేరున మదుపు కావాలి. అధికారులు "స్వచ్ఛందంగా అమ్మండి, ధర ఎక్కువిస్తాం" అంటే అది అమ్మకమే, దానికి 8వ సెక్షన్ ఉంది.

పిల్లల పొలాన్ని సంరక్షకులే కొనుక్కోవడం మంచిది కాదు. 1890 చట్టం 20వ సెక్షన్ ప్రకారం వారి మధ్య నమ్మకపు బంధం 18 నిండగానే తెగిపోదు. ఆ తర్వాత కొద్దికాలంలో జరిగిన కొనుగోళ్ళనూ కోర్టు అనుమానంగానే చూస్తుంది. పుట్టినరోజు మర్నాడే "నాకు ఏ బాకీ లేదు" అని పిల్లవాడి చేత రాయించుకున్న కాగితానికి బలం తక్కువ. దాని బదులు పుస్తకం, రసీదులు, డిపాజిట్ పత్రాలు, మూల దస్తావేజులు వరుస నంబర్లు వేసి అప్పజెప్పి, ప్రతి దాని ఎదురుగా సంతకం తీసుకోండి. చదివి, కావాలంటే ఎవరికైనా చూపించి సంతకం పెట్టమని నెల రోజులు వ్యవధి ఇవ్వండి.

18 నిండిన నెలలోనే పాసుపుస్తకంలో "మైనరు" మాట తీయించడానికి అర్జీ, బ్యాంకులో కొత్త కేవైసీ, సంతకం నమూనా. కోర్టు ద్వారా వేసిన డిపాజిట్ బ్యాంకుకు పోతే ఇవ్వరు, ఆ కోర్టులోనే డబ్బు విడుదల కోరుతూ చెక్ పిటిషన్ వేయాలి. పాత ఓపీ (అనుమతి కోసం వేసిన అసలు పిటిషన్) నంబరు, ఉత్తర్వు నకలు, డిపాజిట్ రసీదు, పుట్టిన తేదీ పత్రం, ఆధార్, పిల్లల పేరున నడుస్తున్న ఖాతా పుస్తకం మొదటి పేజీ. ఆ ఓపీ నంబరును లెక్కల పుస్తకం అట్ట లోపల మొదటి రోజే రాసిపెట్టండి. పదేళ్ళ తర్వాత వకీలు మారి ఉంటారు, ఆ నంబరు లేకపోతే రికార్డు గదిలో ఫైలు దొరకడానికే నెలలు పడుతుంది.